చల్లబడిన ఇంజను

మనిషికి జ్వరము వచ్చినచో ఇంటివారందరు కంగారుపడుదురు. కాని ఒళ్ళు వెచ్చబడుటకన్న కాళ్ళు చేతులు చల్లబడుట ఎక్కువ ప్రమాదమని పెద్దలకు తెలియును. మోటారు ఇంజను విషయములో ఈ రెండవ సంగతి చాలమంది తలపునకు రాదు. ఇంజను వేడెక్కి రేడియేటరు నుండి ఆవిరి చిమ్మినచో వెంటనే బండి ఆపుదురు. ఉష్ణోగ్రతను చూపు ముల్లు మధ్య గీతకు చేరక అడుగుననే పడియున్నచో మాత్రము, బండి చల్లగా నడుచుచున్నదని సంతోషింతురు. ఈ సంతోషము సరియైనది కాదు.

ఉండవలసిన దానికన్న చల్లగా నడచు ఇంజను పెట్రోలు ఎక్కువగా తాగును. దాని నూనె త్వరగా చెడును. సిలిండరు గోడలు అరుగును. సైలెన్సరు నుండి విషవాయువులు ఎక్కువగా వెలువడును. అంతకన్న ముఖ్యమైన మాట మరియొకటి కలదు. ఒక్కొక్కప్పుడు ముల్లు చల్లగా ఉన్నదని చూపుచుండగనే లోపల ఇంజను కాలిపోవుచుండవచ్చును. కాబట్టి చల్లని ముల్లును చూచి ఊరకుండరాదు. అది చెప్పునది నిజమా, అబద్ధమా? నిజమైనచో చెడిన భాగమేది? ఈ ప్రశ్నలను వరుసగా వేసికొని జవాబు రాబట్టవలెను. ఇందుకు కావలసినది చాలవరకు ఉన్నత పాఠశాలలో నేర్చు ఉష్ణశాస్త్రమే.

ఇంజనుకు వేడి ఎందుకు?

పెట్రోలు మండినప్పుడు సిలిండరులోని వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. పిస్టను చేయబడిన అల్యూమినియము సుమారు 660 డిగ్రీల వద్దనే కరగిపోవును. కాబట్టి ఇంజనును చల్లబరచుట తప్పనిసరి. ఇంధనములోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రములను తిప్పు పనిగా మారును. మరియొక మూడవ వంతు పొగతో కలిసి బయటికి పోవును. మిగిలిన దానిలో పెద్దభాగమును సిలిండర్ల చుట్టు తిరుగు ద్రవము గ్రహించి, రేడియేటరునకు చేర్చి, గాలిలో విడిచిపెట్టును. నీటిలో గ్లైకాలును, తుప్పును అరికట్టు రసాయనములను కలిపి తయారుచేసిన ఈ ద్రవమునే కూలెంటు అందురు.

చల్లబరచుట అవసరమే గాని దానికి ఒక హద్దు కలదు. పెనము సరిగా కాలకమునుపే పిండి పోసినచో అట్టు విరిగి పెనమునకు అంటుకొనును. సిలిండరు సంగతియు ఇట్టిదే. గోడలు చల్లగా నున్నచో పెట్రోలు తుంపరలు పూర్తిగా ఆవిరి కావు. కొంత పెట్రోలు ద్రవరూపముననే గోడలకు అంటుకొని, అక్కడి నూనెపొరను కడిగివేసి, క్రిందనున్న నూనెలో కలియును. కొంత సగము కాలి మసియై స్పార్కు ప్లగ్గుల మీద పేరుకొనును.

రెండవ చిక్కు నీటి వలన కలుగును. పెట్రోలు మండినప్పుడు నీరు పుట్టునని అందరికి తోచదు. ఆక్టేనును ఉదాహరణగా తీసికొందము. దాని ఒక అణువులో 18 హైడ్రోజను పరమాణువులు కలవు. కాబట్టి అది మండినప్పుడు 9 నీటి అణువులు ఏర్పడును. బరువులలో చెప్పవలెనన్న, 114 గ్రాముల ఆక్టేను నుండి 162 గ్రాముల నీరు వచ్చును. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అందుచేత లీటరు పెట్రోలు కాలినచో లీటరుకు కొంచెము పైగానే నీరు పుట్టును. ఇందులో అధికభాగము ఆవిరిగా సైలెన్సరు ద్వారా పోవును. కొద్దిభాగము పిస్టను పక్కలనుండి జారి నూనెతొట్టిలోనికి దిగును. ఇంజను తగినంత వేడిగా నున్నచో ఆ ఆవిరి నూనెలో నిలువక బయటపడును. చల్లగా నున్నచో అక్కడనే నీరై, నూనెతో చిలికినట్లు కలిసి, బురదవంటి పదార్థము తయారగును. దహనమున పుట్టిన ఆమ్లవాయువులు ఆ నీటిలో కరగి లోహమును తినివేయును. 1930 దశకములో బ్రిటనులోని మోటారు ఇంజనీర్ల సంస్థ జరిపించిన పరిశోధనలలో, సిలిండర్లు అరుగుటకు రాపిడి ఒక్కటే కారణము కాదనియు, చల్లని గోడలమీద ఆమ్లములు చేయు పని పెద్ద కారణమనియు తేలినది.

మూడవది నూనె చిక్కదనము. చల్లని నూనె చిక్కగా నుండును. దానిని చీల్చుకొని కదలుటకే ఇంజను శక్తిలో కొంత వ్యయమగును.

నాలుగవది ఈనాటి కార్లకు సంబంధించినది. పొగలోని విషవాయువులను విడగొట్టు క్యాటలిటిక్ కన్వర్టరు సుమారు 250, 300 డిగ్రీలకు చేరినగాని పని మొదలుపెట్టదు. అదియు గాక, కూలెంటు చల్లగా నున్నదని తెలిసినంతకాలము కారులోని కంప్యూటరు, ఇంజను ఇంకను వేడెక్కలేదని భావించి పెట్రోలును ఎక్కువ పాలు కలుపుచుండును. ఈ విధముగా ఒక్క చల్లదనము అనేక నష్టములకు మూలమగుచున్నది.

గుట్టమీది లెక్క

ఇంజను ఉష్ణోగ్రత ఏ లెక్కన నిర్ణయమగునో తెలిసికొనుటకు హైదరాబాదులోని బంజారా హిల్స్, జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతము చక్కని ప్రయోగశాల. పూర్వము బంజారాలు నివసించిన ఈ రాతిగుట్టలమీద నేడు రోడ్లు ఎక్కుచు దిగుచు మలుపులు తిరుగుచుండును. ఒకే ప్రయాణములో ఏటవాలు ఎక్కుడు, పొడవైన దిగుడు, కూడలివద్ద చాలసేపు నిలిచిపోవుట, ఈ మూడును తటస్థించును. జనవరి తెల్లవారుజామున గాలి 15 డిగ్రీల చుట్టుపట్ల నుండును. మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటుటయు కలదు.

ఇంజను కూలెంటునకు ఇచ్చు వేడియు, రేడియేటరు గాలికి ఇచ్చు వేడియు సమానమైనప్పుడు ఉష్ణోగ్రత నిలకడకు వచ్చును. రేడియేటరు విడుచు వేడి, దానికి గాలికి గల ఉష్ణోగ్రతా భేదమును బట్టి పెరుగును. న్యూటను శీతలీకరణ సూత్రముగా విద్యార్థులు చదువుకొనునది ఇదియే.

లెక్కకు అనుకూలమైన అంకెలను తీసికొందము. విశాలమైన రోడ్డుపై వేగముగా పోవు కారు ఇంజను కూలెంటునకు సెకనుకు 12,000 జౌళ్ళ వేడి ఇచ్చుచున్నది అనుకొందము. గాలి బాగుగా తగులుచున్న రేడియేటరు, ప్రతి డిగ్రీ భేదమునకు సెకనుకు 400 జౌళ్ళు విడుచును అనుకొందము. అప్పుడు 12,000ను 400 చేత భాగించగా 30 వచ్చును. అనగా కూలెంటు అంతయు ఎల్లప్పుడు రేడియేటరు గుండ పోవుచున్నచో, అది గాలికన్న 30 డిగ్రీలు మాత్రమే వేడిగా నుండును. జనవరిలో 45 డిగ్రీలు, మే నెలలో 70 డిగ్రీలు. రెండును చాలవు. ఇంజను 80 నుండి 100 డిగ్రీల నడుమ ఉండవలెను.

ఇప్పుడు అదే కారు కూడలివద్ద నిలిచినదనుకొందము. ఇంజను ఇచ్చు వేడి సెకనుకు 3,000 జౌళ్ళకు తగ్గినది. కాని గాలి తగలకపోవుటచే రేడియేటరు డిగ్రీకి 50 జౌళ్ళు మాత్రమే విడువగలుగుచున్నది. భేదము 60 డిగ్రీలగును. జనవరిలో 75, మే నెలలో 100. పరుగెత్తినప్పుడు చల్లబడి, నిలిచినప్పుడు వేడెక్కుట వింతగా తోచినను, లెక్క చూచినచో వింత లేదు.

దిగుడు సంగతి మరింత స్పష్టము. ఫిల్మ్ నగర్ నుండి మాసబ్ ట్యాంకు వైపు దిగునప్పుడు, గేరులో ఉండగనే యాక్సిలరేటరు వదలినచో, ఆధునిక ఇంజనుకు పెట్రోలు సరఫరా ఆగిపోవును. వేడి పుట్టుట ఆగినది, గాలి మాత్రము రేడియేటరునకు తగులుచునే యున్నది. అడ్డుకొనువాడు లేనిచో కూలెంటు త్వరత్వరగా చల్లబడవలసినదే.

ఆ అడ్డుకొనువాడే థర్మోస్టాటు.

మైనపు కాపలాదారు

రేడియేటరునకు పోవు దారిలో నుండు చిన్న కవాటము థర్మోస్టాటు. మెకానిక్కులు దీనిని వాల్వు అనియే వ్యవహరింతురు. దీని నడుమ ఒక చిన్న లోహపు గిన్నె, అందులో ప్రత్యేకముగా తయారుచేసిన మైనము ఉండును. మైనము కరగునప్పుడు దాని ఘనపరిమాణము నూటికి పది పాళ్ళ పైగా పెరుగును. అట్లు పెరిగిన మైనము ఒక చిన్న కడ్డీని నెట్టగా కవాటము తెరచుకొనును. చల్లబడి గట్టిపడినప్పుడు స్ప్రింగు దానిని తిరిగి మూసివేయును. విద్యుత్తు గాని, మరియొకరి ఆజ్ఞ గాని అక్కరలేదు. సెర్జియస్ వెర్నే అను ఇంజనీరు 1930 దశకములో కనిపెట్టిన ఈ మైనపు పద్ధతియే నేటికిని లోకమంతట వాడుకలో నున్నది.

థర్మోస్టాటు మూసియున్నంతసేపు కూలెంటు ఇంజనులోనే చిన్న చుట్టు తిరుగుచు త్వరగా వేడెక్కును. దాని మీద ముద్రించిన అంకె, ఉదాహరణకు 82 లేక 88 డిగ్రీలు, చేరగానే కవాటము కొంచెముగా తెరచుకొనును. మరి 12, 15 డిగ్రీలు పెరుగుసరికి పూర్తిగా తెరచుకొనును. జనవరియైనను, మే నెలయైనను, ఎక్కుడైనను, దిగుడైనను ఇంజను ఉష్ణోగ్రతను ఒకచోట నిలుపుట దీని పని. ఈ కవాటము తెరచుకొని ఇరుక్కుపోయినచో ఇంజను పైన చెప్పిన లెక్క ప్రకారము గాలి దయాదాక్షిణ్యములకు లోబడును.

ఇరుక్కుపోవుటకు కారణములు పలువిధములు. స్ప్రింగు బలము తగ్గవచ్చును. తుప్పు నలుసు కవాటము అంచున చిక్కవచ్చును. కూలెంటునకు బదులు బోరు నీరు పోయు అలవాటు మరియొక కారణము. ఆ నీటిలోని లవణములు వేడికి తెల్లని సున్నపు పెచ్చుగా పేరుకొని కదలు భాగములను పట్టివేయును. మైనపు గిన్నె చిల్లుపడినచో మాత్రము ఫలితము తారుమారగును. కవాటము తెరచుకొనదు, ఇంజను వేడెక్కిపోవును.

ముల్లు చెప్పు మాట నిజమేనా?

ఇంజను చల్లగా నున్నదనుటకు సాక్షి ముల్లు. సాక్షిని ముందు పరీక్షించవలెను.

కూలెంటులో మునిగియుండు సెన్సారు ఒక విద్యున్నిరోధకము. లోహములకు భిన్నముగా, దీని నిరోధము వేడి పెరిగినకొలది తగ్గును. సామాన్యముగా వాడుకలో నున్న ఒక రకమునకు 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 320 ఓములు ఉండును. ఎక్కువ నిరోధమునకు చల్లదనము అని అర్థము. ఇప్పుడు సెన్సారు తీగ తెగినదనుకొందము. నిరోధము అనంతమగును. పరికరము దానిని మహా చల్లదనముగా చదువుకొనును. ఇంజను ఎంత వేడిగా నున్నను ముల్లు అడుగున పడియుండును.

ఇంతకన్న ప్రమాదకరమైనది కూలెంటు తగ్గిపోవుట. మట్టము సెన్సారునకు దిగువకు పోయినచో, సెన్సారు ద్రవములో గాక గాలిలో నుండును. గాలి ద్రవమువలె వేడిని చేరవేయదు. కాబట్టి లోపల సిలిండరు హెడ్డు కాగిపోవుచున్నను ముల్లు క్రిందనే ఉండవచ్చును. ప్రతిదినము మధ్య గీతవద్ద నిలుచు ముల్లు ఒకనాడు నడుమదారిలో హఠాత్తుగా పడిపోయినచో, అది చల్లదనమునకు గాక కూలెంటు కారిపోవుటకు గుర్తు కావచ్చును. అట్టి సమయమున బండిని ప్రక్కకు ఆపి ఇంజను కట్టివేయుటయే వివేకము.

మరియొక విశేషము కూడ గుర్తించవలెను. ఇటీవలి కార్లలో చాలవాటియందు ముల్లు నిజమైన ఉష్ణమాపకము కాదు. చోదకుడు ఊరక కలత పడకుండుటకై, సుమారు 75 నుండి 105 డిగ్రీల వరకు ఎక్కడనున్నను ముల్లు మధ్యనే నిలుచునట్లు అమర్చుదురు. కొన్ని కార్లలో ముల్లే ఉండదు. ఇంజను చల్లగా నున్నంతసేపు నీలిదీపము, మితిమీరి వేడెక్కినచో ఎఱ్ఱదీపము వెలుగును. పావుగంట ప్రయాణము తరువాతను నీలిదీపము ఆరకున్నచో అది సందేహింపదగిన విషయమే.

పరీక్షల వరుస

సులభమైనది ముందు, శ్రమతో కూడినది వెనుక చేయుట మంచి పద్ధతి.

మొదటి పరీక్ష రాత్రియంతయు నిలిచియున్న బండికి ఉదయము చేయవలెను. కూలెంటు మట్టము గుర్తుల నడుమ నున్నదో లేదో చూడవలెను. వేడి ఇంజను మీద రేడియేటరు మూత ఎన్నడును తీయరాదు. మూత బిగువున లోపలి ద్రవము 100 డిగ్రీలు దాటినను మరగక యుండును. మూత తీయగానే పీడనము పడిపోయి ఒక్కసారిగా మరగి ముఖము మీదికి చిమ్మును.

రెండవ పరీక్ష సాక్షికి. ఇంజను తిప్పకమునుపు స్కానరు తగిలించి కూలెంటు ఉష్ణోగ్రత చదువవలెను. రాత్రియంతయు నిలిచిన బండిలో అది గాలి ఉష్ణోగ్రతకు ఇంచుమించు సమానముగా నుండవలెను. గోడమీది ఉష్ణమాపకము 16 డిగ్రీలు చూపుచుండగా స్కానరు సున్నకు దిగువ 40 డిగ్రీలు చూపినచో, హైదరాబాదు గుట్టలకు అంత చలి ఎన్నడును రాలేదు గనుక, తీగ తెగినదని నిశ్చయింపవచ్చును. స్కానరులో పి 0128 అను సంకేతము కనిపించినచో, కూలెంటు తగినంత వేడెక్కుట లేదని కంప్యూటరు తానే గమనించినదని అర్థము. అయితే అది రోగలక్షణమును చెప్పునే గాని రోగమును కాదు. ఆ సంకేతము కనిపించినంత మాత్రాన థర్మోస్టాటు మార్చివేయుట తొందరపాటు.

మూడవ పరీక్ష చేతి స్పర్శకు సంబంధించినది. ఇంజను తిప్పి, ఫ్యానుకు, బెల్టులకు దూరముగా నుండి, రేడియేటరు పైగొట్టమును అప్పుడప్పుడు తాకి చూడవలెను. ఫ్యాను ఏ క్షణముననైనను తిరుగవచ్చును గనుక ఈ జాగ్రత్త ముఖ్యము. థర్మోస్టాటు మంచిదైనచో మొదట కొన్ని నిమిషములు గొట్టము చల్లగానే ఉండి, పిమ్మట ఒక్కసారిగా వేడెక్కును. మొదటి నిమిషమునుండియే గొట్టము ఇంజనుతో పాటు మెల్లమెల్లగా వెచ్చబడుచున్నచో కవాటము తెరచియే యున్నదన్నమాట. కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు క్రింది గొట్టము వైపున ఉండును. అట్టివానిలో క్రింది గొట్టమును పరీక్షింపవలెను.

నాలుగవ పరీక్ష రోడ్డుమీద. ఒకరు బండి నడుపుచుండగా మరియొకరు నిమిషమునకు ఒకసారి స్కానరు అంకెను వ్రాసికొని, కాలమునకు ఉష్ణోగ్రతకు రేఖాపటము గీయవలెను. ఆరోగ్యవంతమైన ఇంజను గీత నిటారుగా లేచి, థర్మోస్టాటు అంకెవద్ద వంగి, అక్కడినుండి సమతలముగా సాగును. కవాటము తెరచియున్న ఇంజను గీత మందముగా లేచి, దిగువననే ఆగి, రోడ్డును బట్టి ఊగును. జూబిలీ హిల్స్ చెక్ పోస్టువద్ద బండ్ల రద్దీలో లేచును. దిగుడులో పడును. 158 కిలోమీటర్ల వలయ రహదారిమీద వేగముగా పోవునప్పుడు మరింత పడును. ఊరిలో సరిగా నుండి రహదారిమీద చల్లబడుట థర్మోస్టాటు చెడినదనుటకు అన్నిటికన్న గట్టి గుర్తు.

అయిదవది ఫ్యాను. ఇంజను చల్లగా నుండగనే ఫ్యాను నిరంతరము తిరుగుచున్నచో అనేకులు దానినే దోషిగా నిర్ణయింతురు. ఇక్కడ కొంచెము ఆలోచింపవలెను. ఫ్యాను చల్లబరచునది రేడియేటరును. థర్మోస్టాటు మూసియున్నచో ఆ చల్లని ద్రవము ఇంజనుకు చేరదు. కాబట్టి థర్మోస్టాటు మంచిదైనంతవరకు మన వాతావరణములో ఫ్యాను ఒక్కటే ఇంజనును చల్లబరచజాలదు. ఫ్యాను ఆగకుండుట మరియొక లోపమునకు సూచన కావచ్చును. సెన్సారు చెడినప్పుడు అపాయమును తప్పించుటకు కంప్యూటరు ఫ్యానును ఎడతెగక తిప్పును. లేదా ఎవరో స్విచ్చును తప్పించి తీగను నేరుగా బ్యాటరీకి కలిపియుండవచ్చును.

నూనె పోయు మూతను తెరచి అడుగున చూచుట కూడ మంచిది. అక్కడ వెన్నవంటి తెల్లని జిడ్డు ఉన్నచో నూనెలో నీరు చేరినదని అర్థము. కూలెంటు మట్టము మారకున్నచో అది చల్లదనమువలన కూడిన నీరు. మట్టము నానాటికి తగ్గుచున్నచో హెడ్ గ్యాస్కెటు చెడి కూలెంటే నూనెలోనికి పోవుచుండవచ్చును. అది వేరొక రోగము, వేరొక చికిత్స.

గిన్నెలో థర్మోస్టాటు

అనుమానము థర్మోస్టాటు మీదికి వచ్చినచో దానిని విప్పించి పరీక్షింపవచ్చును. ముందుగా, చల్లగా నుండగనే కవాటము పూర్తిగా మూసియున్నదో లేదో వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. సందు కనిపించినచో పరీక్ష అక్కడితో ముగిసినట్లే. సందు లేనిచో గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాటును దారముతో అడుగునకు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కనే ఉష్ణమాపకము ఉంచి మెల్లగా వేడిచేయవలెను. కవాటము తెరచుకొన నారంభించిన అంకెను, దానిమీద ముద్రించిన అంకెతో పోల్చవలెను. పిమ్మట నీరు చల్లారునప్పుడు తిరిగి పూర్తిగా మూసికొనుచున్నదో లేదో చూడవలెను. చల్లగా నడచు ఇంజనుకు ఈ రెండవ భాగమే ముఖ్యము.

ఇక్కడ హైదరాబాదువారు గమనింపదగిన సూక్ష్మము ఒకటి కలదు. నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. గుట్టలు ఇంకను ఎత్తు. ఎత్తు పెరిగినకొలది వాయుపీడనము తగ్గి, ప్రతి 300 మీటర్లకు సుమారు 1 డిగ్రీ చొప్పున నీరు మరగు ఉష్ణోగ్రత తగ్గును. అందుచేత ఇక్కడ మూతలేని గిన్నెలో నీరు సుమారు 98 డిగ్రీలకే మరగును, అంతకు మించి వేడెక్కదు. 82 డిగ్రీల థర్మోస్టాటు ఆ నీటిలో పూర్తిగా తెరచుకొనును. 92 డిగ్రీలదైనచో కొంత తెరచుకొని అక్కడనే ఆగును. అది లోపము కాదు. కొన్ని కొత్త ఇంజనులకు 100 డిగ్రీలు దాటి తెరచుకొను థర్మోస్టాట్లు కలవు. అవి ఈ గిన్నెలో కదలనే కదలవు. ఈ సంగతి మరచి మంచి వస్తువును పారవేయరాదు.

తీసివేసినచో ఏమగును?

వేడిదేశములకు థర్మోస్టాటు అక్కరలేదు, తీసివేసినచో బండి చల్లగా నడుచునని ఒక నమ్మకము వ్యాపించియున్నది. ఈ మాట విని దానిని విప్పించి ఊరకుండువారు కలరు. జనవరిలో 45 డిగ్రీలవద్ద నడచు ఇంజనుకు కలుగు నష్టములు పైన చెప్పియే యున్నవి. నమ్మకము పుట్టినది వేసవి భయమువలన. కాని వేసవిలోనైనను అది మేలు చేయునా?

అనేక ఇంజనులలో థర్మోస్టాటునకు రెండు బిళ్ళలుండును. పైబిళ్ళ రేడియేటరు దారిని తెరచునప్పుడు, క్రిందిబిళ్ళ చిన్న చుట్టు దారిని మూసివేయును. అప్పుడు కూలెంటు అంతయు రేడియేటరునకు పోవలసివచ్చును. థర్మోస్టాటును తీసివేసినచో చిన్నదారి ఎన్నటికిని మూతపడదు. కొంత కూలెంటు రేడియేటరు ముఖము చూడకనే తిరిగి ఇంజనులోనికి పోవుచుండును. చలికాలపు రహదారిమీద ఇంజను అతిచల్లగా నడచును. మే నెల మధ్యాహ్నము, నిండుబండితో గుట్ట ఎక్కునప్పుడు, రేడియేటరు పూర్తి సేవ కావలసిన ఆ సమయముననే అందదు, ఇంజను వేడెక్కును. వేడికి భయపడి తీసివేసినది వేడికే కారణమగును.

డీజిలు జనరేటర్లు

చల్లదనపు నష్టము కారులకే పరిమితము కాదు. 1976లో అన్నపూర్ణ స్టూడియో ఈ ప్రాంతమున వెలసినది మొదలు చిత్రనిర్మాణము ఈ గుట్టలకు అలవాటైనది. ఆరుబయట చిత్రీకరణకు విద్యుత్తు నిచ్చునది డీజిలు జనరేటరు వ్యాను. డీజిలు ఇంజనులో స్పార్కు ఉండదు. సంకోచింపజేసిన గాలి వేడికే ఇంధనము అంటుకొనును. పెద్ద దీపములను తలచి తెచ్చిన జనరేటరుకు చిన్నపాటి ఎల్.ఇ.డి. దీపములు మాత్రమే తగిలించి గంటల తరబడి నడిపినచో, దానిపై భారము తగ్గి దహనకోశము చల్లబడును. డీజిలు పూర్తిగా మండదు. పొగగొట్టపు అతుకులవద్ద నల్లని జిడ్డు కారును. ఇక్కడ థర్మోస్టాటు మంచిదైనను లాభము లేదు. అవసరమునకు తగిన పరిమాణముగల జనరేటరును తెచ్చుటయో, అప్పుడప్పుడు తగిన భారముతో నడుపుటయో మార్గము.

తరగతిగదిలో

పాత సామానుల అంగడిలో దొరకు ఒక థర్మోస్టాటు, ఒక గిన్నె, ఒక ఉష్ణమాపకము, ఒక కొలబద్ద ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. ప్రతి రెండు డిగ్రీలకు కవాటము ఎంత లేచినదో కొలిచి విద్యార్థులచేత రేఖాపటము గీయించవలెను. వేడి చేయునప్పటి గీతయు, చల్లారునప్పటి గీతయు ఒకటి కావని వారు గమనింతురు. మైనము లోపలి భాగమునకు వేడి చేరుటకును, అది విడుచుటకును కొంత కాలము పట్టుటయే ఇందుకు ముఖ్యకారణము. వ్యాకోచము, స్థితి మార్పు, పీడనము, మరగు ఉష్ణోగ్రత, న్యూటను సూత్రము, ఇవన్నియు ఒక్క గిన్నెలో కనిపించును.

ఇంజనుకు వేడియు శత్రువే, చలియు శత్రువే. ఈ రెంటి నడుమ దానిని నిలుపునది అరచేతిలో ఇమిడిపోవు మైనపు కవాటము. ముల్లు అడుగున పడియున్నప్పుడు ముందు కూలెంటును, పిమ్మట సెన్సారును, ఆ తరువాత థర్మోస్టాటును, ఈ వరుసలో విచారించువాడు పెట్రోలును, ఇంజనును రెంటిని కాపాడుకొనును.